కాగితం మీద పనిచేసిన అనలాగ్ సర్క్యూట్ బోర్డు మీద ఎందుకు తడబడుతుంది?

ఒక చిన్న పని తీసుకుందాం. కొలిమిలో వేడి కొలవాలి, సున్నా నుంచి 400 డిగ్రీల సెల్సియస్ దాకా. చేతిలో కె రకం థర్మోకపుల్ ఉంది, అంటే రెండు వేర్వేరు లోహాల తీగలు కలిపి చేసిన వేడి సెన్సర్. అది డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది. 400 డిగ్రీల దగ్గర మొత్తం 16.4 మిల్లీవోల్టులు వస్తాయి. మైక్రోకంట్రోలర్‌కి (కొలతని చదివి హీటర్‌ని నడిపే చిన్న కంప్యూటర్ చిప్) డిగ్రీకి 10 మిల్లీవోల్టుల చొప్పున అందిస్తే లెక్క సులువు. అంటే సిగ్నల్‌ని 244 రెట్లు పెంచాలి. అందుకు అందరికీ తెలిసిన ఎల్ఎం358 ఆప్‌యాంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్), 5 వోల్టుల సప్లై, గెయిన్ (ఎన్ని రెట్లు పెంచాలన్నది) నిర్ణయించే రెండు రెసిస్టర్లు చాలు. పాఠ్యపుస్తకం ప్రకారం పని అయిపోయినట్టే. సర్క్యూట్‌ని కంప్యూటర్‌లోనే నడిపి చూసే సిమ్యులేటర్‌లో పెట్టి చూసినా గీత తిన్నగానే వస్తుంది.

బోర్డు తయారయ్యాక మాత్రం గది వేడిలోనే 75 డిగ్రీలు చూపిస్తుంది. కొలిమి ఎంత కాలినా 350 దాటదు. హీటర్‌ని ఆన్, ఆఫ్ చేసే రిలే ఆన్ అయినప్పుడల్లా అంకె ఎగిరి పడుతుంది. ఇవన్నీ వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి కానీ, వీటి వెనక ఉన్నది ఒకటే. మనం గీసిన బొమ్మలో లేని విషయాలు కూడా సర్క్యూట్‌లో భాగమే. ఆప్‌యాంప్‌లోని లోపాలు, రాగి ట్రాక్‌కి ఉండే రెసిస్టెన్స్, సప్లైలోని అలజడి, సప్లై వోల్టేజ్‌ని నిలకడగా ఉంచే పక్కనున్న రెగ్యులేటర్ వేడి, అన్నీ లెక్కలోకి వస్తాయి. అయితే ప్రతి లోపానికీ భయపడి అన్నిటినీ సరిచేయబోతే ఏ డిజైనూ పూర్తికాదు. నేను గట్టిగా నమ్మే పద్ధతి ఒకటుంది. ప్రతి లోపాన్నీ మన పనికి సంబంధించిన యూనిట్లలోకి మార్చి చూడాలి. ఇక్కడైతే డిగ్రీల్లోకి. అలా మార్చగానే ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో దానంతట అదే తేలిపోతుంది.

డేటాషీట్‌ని డిగ్రీల్లో చదవడం

డేటాషీట్ అంటే చిప్ తయారుచేసినవాళ్లు ఇచ్చే వివరాల పత్రం. అందులో ముందు ఆఫ్‌సెట్ వోల్టేజ్ చూద్దాం. ఆదర్శ ఆప్‌యాంప్‌కి రెండు ఇన్‌పుట్లూ సమానంగా ఉంటే అవుట్‌పుట్ సున్నా. నిజమైన ఆప్‌యాంప్‌లో లోపలి ట్రాన్సిస్టర్లు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండవు కాబట్టి ఇన్‌పుట్ దగ్గర ఎప్పుడూ ఓ చిన్న తేడా వోల్టేజ్ కూర్చుని ఉంటుంది. ఎల్ఎం358కి అది మామూలుగా 2 మిల్లీవోల్టులు, గరిష్ఠంగా 7. చిన్నవే అనిపిస్తాయి. డిగ్రీల్లోకి మార్చండి. 2 మిల్లీవోల్టులను 41 మైక్రోవోల్టులతో భాగిస్తే 49 డిగ్రీలు. 7 మిల్లీవోల్టులైతే 170 డిగ్రీలు! గది వేడిలో 75 చూపించడానికి కారణం ఇదే. చిప్ పాడవలేదు, డేటాషీట్‌లో చెప్పిన హద్దుల్లోనే ఉంది.

ఇక్కడ చాలామంది చేసే పని, సాఫ్ట్‌వేర్‌లో ఆ తప్పుని తీసేయడం. తప్పేమీ కాదు, కానీ సగం పనే. ఆఫ్‌సెట్ వేడితో పాటు మారుతుంది. ఇదే చిప్‌కి ఆ మార్పు డిగ్రీకి సుమారు 7 మైక్రోవోల్టులు. అంటే బోర్డు చుట్టూ గాలి 6 డిగ్రీలు వేడెక్కితే కొలతలో ఒక డిగ్రీ తప్పు వస్తుంది. ఉదయం క్యాలిబ్రేట్ చేసింది మధ్యాహ్నానికి జరిగిపోతుంది. కొలిమి పక్కనే పెట్టిన పెట్టెలో గాలి 30 డిగ్రీలు పెరగడం పెద్ద విషయం కాదు, అప్పుడు తప్పు 5 డిగ్రీలు. మీ పనికి 5 డిగ్రీలు పర్వాలేదంటే అక్కడితో ఆగిపోవచ్చు. ఇది రాజీపడటం కాదు, తెలిసి తీసుకున్న నిర్ణయం.

350 దగ్గర ఆగిపోవడానికి కారణం వేరే. ఎల్ఎం358 అవుట్‌పుట్ పై సప్లై దాకా ఎక్కలేదు, దాదాపు వోల్టున్నర కిందే ఆగిపోతుంది. 5 వోల్టుల సప్లైతో మనకి దక్కేది 3.5 వోల్టులే. దాన్ని 244తో భాగిస్తే 14.3 మిల్లీవోల్టులు, కె రకం థర్మోకపుల్ సరిగ్గా 350 డిగ్రీల దగ్గర ఇచ్చే వోల్టేజ్ అది. కొత్తవాళ్లు దీన్ని సెన్సర్ లోపం అనుకుని థర్మోకపుల్ మార్చేస్తుంటారు. అవుట్‌పుట్ ఎంత ఎత్తు దాకా, ఎంత కింది దాకా వెళ్లగలదో చెప్పేదే డేటాషీట్‌లో అన్నిటికంటే ముందు చూడాల్సిన వరుస అని నా ఉద్దేశం.

బయాస్ కరెంట్ ఇంకో దొంగ దెబ్బ. ఆప్‌యాంప్ ఇన్‌పుట్‌లోకి కరెంట్ వెళ్లదని చదువుకుంటాం. ఈ చిప్‌లో సుమారు 45 నానోఆంపియర్లు పారతాయి. థర్మోకపుల్ రెసిస్టెన్స్ కొద్ది ఓమ్‌లే కాబట్టి నేరుగా కలిపితే దీనివల్ల ఇబ్బంది లేదు. కానీ నాయిస్ తగ్గిద్దామని ఇన్‌పుట్‌లో 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, ఓ కెపాసిటర్‌తో ఫిల్టర్ పెట్టామనుకోండి. ఆ 45 నానోఆంపియర్లు 10 కిలోఓమ్‌ల గుండా పోతూ 450 మైక్రోవోల్టులు పుట్టిస్తాయి. అంటే 11 డిగ్రీలు. నాయిస్‌ని పోగొట్టబోయి దానికంటే పెద్ద తప్పుని తెచ్చి పెట్టుకున్నట్టు. అదే ఫిల్టర్‌ని 1 కిలోఓమ్‌తో, పదింతలు పెద్ద కెపాసిటర్‌తో చేస్తే తప్పు ఒక డిగ్రీకి దిగుతుంది.

గెయిన్ విషయంలో కూడా ఓ మెలిక ఉంది. ఈ చిప్ సొంత గెయిన్ మామూలుగా లక్ష. అందులోంచి మనం 244 వాడుకుంటున్నాం. దాంతో వచ్చే తప్పు సుమారు 0.24 శాతం, 400 దగ్గర ఒక డిగ్రీ. డేటాషీట్ హామీ ఇచ్చే కనిష్ఠ గెయిన్ మాత్రం 25,000. ఆ చిప్ చేతికి వస్తే తప్పు 4 డిగ్రీలు. డేటాషీట్‌లో మామూలు విలువల వరుస చూసి డిజైన్ చేస్తే టేబుల్ మీదున్న ఒక్క బోర్డు పనిచేస్తుంది. గరిష్ఠ, కనిష్ఠ విలువల వరుస చూసి చేస్తే వంద బోర్డులు పనిచేస్తాయి.

మరి థర్మల్ నాయిస్? ఏ రెసిస్టర్‌లోనైనా వేడి వల్ల ఎలక్ట్రాన్లు కదులుతూ కొంత నాయిస్ పుట్టిస్తాయి. 1928లో బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ దాన్ని కొలిచి చూపించాడు, నైక్విస్ట్ సిద్ధాంతం చెప్పాడు. గది వేడిలో 1 కిలోఓమ్ రెసిస్టర్‌కి అది హెర్ట్జ్ వర్గమూలానికి 4 నానోవోల్టులు. మన కొలిమి నెమ్మదిగా మారుతుంది, 10 హెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ చాలు. అప్పుడు మొత్తం నాయిస్ 13 నానోవోల్టులు, డిగ్రీలో మూడు వేలో వంతు. వదిలేయండి. ఇదే రెసిస్టర్ మైక్రోఫోన్ ప్రీయాంప్ ఇన్‌పుట్‌లో ఉంటే మాత్రం వదిలేయడానికి లేదు. అక్కడ 20 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్, సిగ్నల్ కూడా బలహీనం. ఒక డిజైన్‌లో ప్రాణం తీసే లోపం ఇంకో డిజైన్‌లో లెక్కలోకే రాదు. 'మంచి ఆప్‌యాంప్ ఏది?' అన్న ప్రశ్నకి జవాబు లేకపోవడం ఇందుకే.

గ్రౌండ్ అనేది ఒక చోటు కాదు

అనలాగ్ బోర్డుల్లో ఎక్కువ సమయం తినేసేది ఇదే, అందుకే కాస్త ఆగి చూద్దాం. బొమ్మలో గ్రౌండ్ గుర్తు పది చోట్ల వేస్తాం. ఆ పదీ ఒకే వోల్టేజ్‌లో ఉంటాయని నమ్ముతాం. సిమ్యులేటర్ కూడా అలాగే నమ్ముతుంది. 1973లో బర్కిలీలో పుట్టిన స్పైస్ అనే సిమ్యులేటర్ దగ్గర్నుంచి గ్రౌండ్ అంటే సున్నా నంబరు నోడ్, అంతే. బోర్డు మీద మాత్రం గ్రౌండ్ అంటే రాగి. రాగికి రెసిస్టెన్స్ ఉంది.

మామూలు బోర్డుల మీద రాగి మందం 35 మైక్రాన్లు. అలాంటి ట్రాక్ 1 మిల్లీమీటరు వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు ఉంటే దాని రెసిస్టెన్స్ దాదాపు 50 మిల్లీఓమ్‌లు. మన బోర్డు మీద హీటర్‌ని నడిపే 5 వోల్టుల రిలే కూడా ఉంది. దాని కాయిల్ దాదాపు 70 మిల్లీఆంపియర్లు తాగుతుంది. రిలే కరెంట్, థర్మోకపుల్ గ్రౌండ్ రెండూ ఆ పది సెంటీమీటర్ల ట్రాక్‌ని పంచుకుంటే అక్కడ 3.5 మిల్లీవోల్టులు పుడతాయి. డిగ్రీల్లో చెప్పాలంటే 85.

ఇప్పుడు జరిగేది చూడండి. కొలిమి చల్లగా ఉందని కంట్రోలర్ రిలే ఆన్ చేస్తుంది. ఆన్ కాగానే కొలత 85 డిగ్రీలు ఎగురుతుంది. 'వేడెక్కింది' అనుకుని కంట్రోలర్ ఆఫ్ చేస్తుంది. కొలత కిందికి పడుతుంది, మళ్లీ ఆన్. రిలే టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది. ప్రోగ్రామ్‌లో తప్పుందని రోజులు రోజులు కోడ్ వెతుకుతారు. ట్రాక్ వేసిన తీరుని బట్టి ఈ తప్పు తలకిందులుగా కూడా రావచ్చు, అది ఇంకా ప్రమాదం. రిలే ఆన్‌లో ఉన్నంతసేపూ కొలత 85 తక్కువ చూపిస్తుంది కాబట్టి, కొలిమి అడిగినదాని కంటే 85 డిగ్రీలు ఎక్కువ కాలేదాకా హీటర్ ఆగదు.

దీనికి మందు ఖరీదైన చిప్ కాదు. కరెంట్ ఎటునుంచి వచ్చి ఎటు తిరిగి వెళ్తోందో వేలు పెట్టి చూసుకోవడమే. రిలే కరెంట్ సప్లై దగ్గరికి తన దారిన తాను వెళ్లాలి. థర్మోకపుల్ రెండో తీగ, గెయిన్ రెసిస్టర్ కింది కొస ఒకే బిందువు దగ్గర కలవాలి, ఆ బిందువు గుండా వేరే ఎవరి కరెంటూ పోకూడదు. బోర్డు ఒక పొరంతా గ్రౌండ్ ప్లేన్‌గా వదిలేస్తే రెసిస్టెన్స్ బాగా తగ్గుతుంది. అనలాగ్ గ్రౌండ్, డిజిటల్ గ్రౌండ్ అని ప్లేన్‌ని రెండు ముక్కలుగా కోయమని పాత సలహా ఒకటుంది. ఆ చీలిక మీదుగా ఒక్క సిగ్నల్ ట్రాక్ దాటించినా దాని తిరుగు కరెంట్ చుట్టూ తిరిగి రావాల్సి వస్తుంది, ఆ పెద్ద చుట్టు యాంటెన్నాలా పనిచేస్తుంది. ప్లేన్‌ని కోయకుండా, గోల చేసే భాగాలని ఒక మూల, సున్నితమైన వాటిని ఇంకో మూల పెట్టడమే చాలా బోర్డులకి మేలు.

సప్లై కూడా ఒక ఇన్‌పుట్టే

ఆప్‌యాంప్ సప్లైలోని అలజడిని పట్టించుకోదని డేటాషీట్‌లో 100 డెసిబెల్స్ (అంటే లక్ష రెట్లు తగ్గిస్తుంది) అని గర్వంగా రాసి ఉంటుంది. అది డీసీకి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ శక్తి పడిపోతుంది. స్విచింగ్ రెగ్యులేటర్లు పనిచేసే 100 కిలోహెర్ట్జ్ ప్రాంతానికి వచ్చేసరికి మామూలు ఆప్‌యాంప్‌లో 20, 30 డెసిబెల్స్ మిగిలితే గొప్ప. ఆప్‌యాంప్ సప్లై దారిలో 10 ఓమ్‌ల రెసిస్టర్, ఆ తర్వాత గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే ఆ గోల దాదాపు 60 రెట్లు తగ్గుతుంది. ఒక మిల్లీఆంపియర్ తాగే చిప్‌కి ఆ రెసిస్టర్ వల్ల పోయేది 10 మిల్లీవోల్టులే.

ప్రతి చిప్ సప్లై కాలు పక్కనే 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టమంటారు. 'పక్కనే' అన్న మాటలోనే ఉంది కిటుకు. ట్రాక్ ప్రతి సెంటీమీటరుకీ దాదాపు 10 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. కెపాసిటర్‌ని మూడు సెంటీమీటర్ల దూరంలో పెడితే, చిప్‌కి చటుక్కున కరెంట్ కావాల్సి వచ్చినప్పుడు ఆ ఇండక్టెన్స్ అడ్డుపడుతుంది. బొమ్మలో కెపాసిటర్ ఉంది, చిప్‌కి మాత్రం అందదు.

ఈ భాగంలో ఎక్కువమంది మర్చిపోయేది ఏడీసీ రిఫరెన్స్, అంటే వోల్టేజ్‌ని అంకెగా మార్చే భాగం (ఏడీసీ) దేనితో పోల్చి కొలుస్తుందో ఆ వోల్టేజ్. మైక్రోకంట్రోలర్ తన 5 వోల్టుల సప్లైనే కొలబద్దగా వాడుకుంటుంటే, ఆ సప్లై 5 శాతం తగ్గినప్పుడు కొలత 5 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. 400 దగ్గర అది 20 డిగ్రీలు. పొటెన్షియోమీటర్, స్ట్రెయిన్ గేజ్ బ్రిడ్జ్ లాంటి సెన్సర్లకి ఈ బాధ లేదు. సెన్సర్‌కీ ఏడీసీకీ ఒకే వోల్టేజ్ ఇస్తే రెండూ కలిసే మారతాయి, తప్పు కొట్టుకుపోతుంది. థర్మోకపుల్ తన వోల్టేజ్‌ని తానే పుట్టిస్తుంది కాబట్టి ఇక్కడ నికరమైన రిఫరెన్స్ చిప్ ఉండాల్సిందే.

ఎవరూ అడగకుండానే ఊగే సర్క్యూట్

ఇంజినీర్ హెరాల్డ్ బ్లాక్‌కి 1927లో పనికి వెళ్తూ ఫెర్రీలో ఉండగా నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని ఇన్‌పుట్‌కి ఎదురుగా తిప్పి ఇచ్చి తప్పుని తగ్గించడం) ఆలోచన తట్టింది, చేతిలోని వార్తాపత్రిక మీదే రాసుకున్నాడు. ఈరోజు ఆప్‌యాంప్ సర్క్యూట్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. ఆ ఫీడ్‌బ్యాక్ ఆలస్యంగా అందితే మాత్రం అదే వికటిస్తుంది. అవుట్‌పుట్ నుంచి తిరిగి వచ్చే సిగ్నల్ తగ్గించాల్సింది పోయి పెంచుతుంది, ఆంప్లిఫయర్ ఆసిలేటర్ (తనంతట తానే ఊగే సర్క్యూట్) అయిపోతుంది.

ఆలస్యానికి మామూలు కారణం అవుట్‌పుట్ మీద కెపాసిటెన్స్. కోయాక్సియల్ కేబుల్ మీటరుకి దాదాపు 100 పికోఫారడ్‌లు. ఆప్‌యాంప్‌ని ఫాలోవర్‌గా (ఇన్‌పుట్‌ని పెంచకుండా అలాగే అవుట్‌పుట్‌కి ఇచ్చేలా) పెట్టి మూడు మీటర్ల కేబుల్ తగిలిస్తే చాలా చిప్‌లు ఊగడం మొదలుపెడతాయి. అవుట్‌పుట్‌కీ కేబుల్‌కీ మధ్య 50 నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఎక్కువ సందర్భాల్లో శాంతిస్తుంది. ఇంతకన్నా కష్టం, సర్క్యూట్ ఊగుతోందని గుర్తించడం. మల్టీమీటర్ నెమ్మది పరికరం కాబట్టి మెగాహెర్ట్జ్‌లో ఊగుతున్నదాన్ని అది చూడలేదు. ఏదో వింత డీసీ అంకె చూపిస్తుంది. చెయ్యి దగ్గరికి తెస్తే ఆ అంకె మారుతోందంటే, చిప్ అకారణంగా వేడెక్కుతోందంటే ముందు స్కోప్ (వోల్టేజ్ మార్పుల్ని తెర మీద గీతగా చూపే పరికరం) పెట్టి చూడాలి.

స్కోప్‌తోనూ జాగ్రత్త. ప్రోబ్‌ని 1ఎక్స్‌లో (సిగ్నల్‌ని తగ్గించకుండా) పెడితే కేబుల్‌తో కలిపి 100 పికోఫారడ్‌లకి అటూ ఇటూ సర్క్యూట్ మీద మోపినట్టే. బాగున్న సర్క్యూట్ కూడా అప్పుడు ఊగవచ్చు. 10ఎక్స్‌లో (సిగ్నల్‌ని పదో వంతుకి తగ్గిస్తే) అది పది, పదిహేను పికోఫారడ్‌లకి తగ్గుతుంది. ప్రోబ్‌కి వేలాడే పొడుగాటి గ్రౌండ్ తీగ తన ఇండక్టెన్స్‌తో లేని రింగింగ్‌ని (ఊగి ఊగి ఆగే అలని) తెర మీద పుట్టిస్తుంది. హమ్ (మెయిన్స్ కరెంట్ వల్ల వచ్చే అలజడి) కనిపిస్తే దాని ఫ్రీక్వెన్సీ కొలవండి. మెయిన్స్ 50 హెర్ట్జ్ ఉన్న చోట హమ్ కూడా 50 అయితే అది గాలిలోంచో గ్రౌండ్ లూప్ నుంచో వస్తోంది. 100 అయితే రెక్టిఫయర్ తర్వాతి ఫిల్టర్ చాలడం లేదని అనుమానించాలి. మెయిన్స్ 60 ఉన్న దేశాల్లో ఇవే 60, 120 అవుతాయి.

బ్రెడ్‌బోర్డు గురించి ఒక్క మాట. పక్కపక్క వరుసల మధ్య కొద్ది పికోఫారడ్‌లు, ప్రతి క్లిప్‌కీ మారిపోయే కాంటాక్ట్ రెసిస్టెన్స్ ఉంటాయి. ఎల్ఈడీ వెలిగించడానికి చక్కగా సరిపోతుంది, మైక్రోవోల్టుల పనికి కాదు. లీనియర్ టెక్నాలజీలో పనిచేసిన జిమ్ విలియమ్స్ తన సర్క్యూట్లని రాగి పూత బోర్డు మీద, భాగాలని గాల్లో నిలబెట్టి టంకం వేసి కట్టేవాడు. చూడ్డానికి చిందరవందరగా ఉంటుంది కానీ కింద మొత్తం గ్రౌండ్ ప్లేన్, తీగలన్నీ పొట్టివి.

పేరు చూసి నమ్మకూడని కెపాసిటర్లు

రెసిస్టర్లు చాలావరకు చెప్పిన మాట మీద ఉంటాయి. ఒక శాతం రెసిస్టర్లు రెండిటితో గెయిన్ కట్టినా తప్పు మహా అయితే 2 శాతం, అది క్యాలిబ్రేషన్‌తో పోతుంది. కెపాసిటర్ల సంగతి వేరు. ఎక్స్5ఆర్, ఎక్స్7ఆర్ రకం సెరామిక్ కెపాసిటర్ 10 మైక్రోఫారడ్ అని కొంటాం. చిన్న సైజుదైతే, దాని రేటింగ్‌కి దగ్గరగా డీసీ వోల్టేజ్ పడినప్పుడు సగం కూడా మిగలకపోవచ్చు. పైగా అవి కుదుపుకి వోల్టేజ్ పుట్టిస్తాయి. సున్నితమైన ఇన్‌పుట్‌లో పెట్టి బోర్డుని వేలితో తడితే సిగ్నల్‌లో కనిపిస్తుంది. ఫిల్టర్ ఫ్రీక్వెన్సీ కచ్చితంగా ఉండాలంటే సీ0జీ రకమో ఫిల్మ్ రకమో వాడాలి. ఎలక్ట్రోలైటిక్‌లకి శత్రువు వేడి. ప్రతి 10 డిగ్రీలకీ వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. వాటిని హీట్‌సింక్ పక్కన పెట్టిన బోర్డు కొన్నేళ్లకే రిపేరుకి వస్తుంది.

తీగ తెగితే ఏమవుతుంది?

కొలత సరిగ్గా రావడం ఒకటి, పాడైనప్పుడు ఎలా పాడవుతుందన్నది ఇంకొకటి. థర్మోకపుల్ తీగ తెగితే ఇన్‌పుట్ గాల్లో వేలాడుతుంది. కంట్రోలర్‌కి 'చల్లగా ఉంది' అని కనిపిస్తే హీటర్ ఆగకుండా కాలుతూనే ఉంటుంది. అందుకని ఇన్‌పుట్ నుంచి 5 వోల్టులకి 10 మెగాఓమ్‌ల రెసిస్టర్ పెడతారు. తీగ తెగగానే ఇన్‌పుట్ పైకి లాగబడి కొలత గరిష్ఠానికి వెళ్తుంది, హీటర్ ఆగుతుంది. దీనికి కట్టే మూల్యం ఎంత? ఆ రెసిస్టర్ గుండా అర మైక్రోఆంపియర్ థర్మోకపుల్‌లోకి పోతుంది. తీగ రెసిస్టెన్స్ 20 ఓమ్‌లైతే 10 మైక్రోవోల్టుల తప్పు, అంటే పావు డిగ్రీ. ఇన్‌పుట్‌లో మనం పెట్టిన 1 కిలోఓమ్ ఫిల్టర్‌కి ఆప్‌యాంప్ వైపు దీన్ని తగిలిస్తే మాత్రం 500 మైక్రోవోల్టులు, 12 డిగ్రీలు. అదే రెసిస్టర్‌ని ఒక చుక్క అటు తగిలించాలా ఇటు తగిలించాలా అన్నదానిలో ఇంత తేడా ఉంది.

ఇక చిప్ ఎంపిక. ఆఫ్‌సెట్ కొద్ది మైక్రోవోల్టులే ఉండే జీరో డ్రిఫ్ట్ ఆప్‌యాంప్ తీసుకుంటే 49 డిగ్రీల తప్పు డిగ్రీలో చిన్న వంతుకి దిగుతుంది, వేడితో జరగడం కూడా దాదాపు ఉండదు. వీటిలో చాలావాటికి అవుట్‌పుట్ సప్లై అంచుల దాకా వెళ్తుంది కాబట్టి 350 గోడ కూడా పోతుంది. లోపల స్విచ్‌లు ఆడుతుంటాయి కాబట్టి మెగాఓమ్‌ల సెన్సర్లకి మాత్రం ఇవి అంతగా నప్పవు. థర్మోకపుల్ కోసమే చేసిన చిప్‌లు కూడా ఉన్నాయి. ఏడీ595 నేరుగా డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది, మ్యాక్స్6675 పావు డిగ్రీ మెట్లలో డిజిటల్ అంకె ఇస్తుంది. ఒకటో రెండో బోర్డులు కావాలంటే నేను ఇలాంటి చిప్‌నే తీసుకోమంటాను.

అయినా బోర్డు మీద ఆలోచించాల్సింది ఒకటి మిగిలే ఉంటుంది. థర్మోకపుల్ కొలిచేది రెండు కొసల మధ్య వేడి తేడాని మాత్రమే. రెండో కొస అంటే తీగలు బిగించిన టెర్మినల్. ఆ టెర్మినల్ వేడి ఎంతో కలిపితేనే అసలు అంకె వస్తుంది. ఈ చిప్‌లు తమ సొంత వేడినే టెర్మినల్ వేడిగా లెక్కగట్టుకుంటాయి. కాబట్టి చిప్ టెర్మినల్‌కి అంటిపెట్టుకుని ఉండాలి, రెండు టెర్మినళ్లూ ఒకే వేడిలో ఉండాలి, 5 వోల్టుల రెగ్యులేటర్ బోర్డుకి రెండో కొసన ఉండాలి. రెగ్యులేటర్‌ని చిప్ పక్కనే పెట్టి, దాని వేడికి చిప్ టెర్మినల్ కంటే 8 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే కొలత కూడా అచ్చంగా ఆ 8 డిగ్రీలూ ఎక్కువ చూపిస్తుంది.